గోడమీద ఋతువులు – చిన్నారుల చేతిరాతలు



మన బడులలో ఒకటి, రెండు, మూడు తరగతుల గోడలమీద ఏమి ఉండాలి? అవి పిల్లలకు రాయడం నేర్పడంలో ఎలా తోడ్పడతాయి? ఈ వారం ఈ విషయాన్ని మీతో కలిసి ఆలోచించాలనుకొంటున్నాను. ఇది ఉపాధ్యాయినీ ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించినదని తల్లిదండ్రులు పేజీ తిప్పివేయవద్దని మనవి. చివరలో మీకూ కొంత పని ఉంది.

ముందుగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది వరికోతల కాలం. చాలా గ్రామాల్లో కోసి పనలమీద ఉన్న వరి, కుప్పవేసిన వరి తడిసి ముద్దయింది. వానలు తగ్గి బడి తెరిచాక ఒక రెండో తరగతి గదికి వెళ్లాను. “ఈ నాలుగు రోజులూ మీరు చూసిన వానను గురించి రెండు వాక్యాలు రాయండి” అన్నాను. పిల్లలందరూ ఒక్కసారిగా తలలు ఎత్తి గోడవైపు చూశారు. అక్కడ ‘వర్షము’ అనే పెద్ద రంగుల చార్టు ఉంది. గొడుగు, కప్ప, ఇంద్రధనుస్సు, వాటి కింద నాలుగు వాక్యాలు. ఒక కౌలు రైతు కూతురు ముత్యాలవంటి అక్షరాలతో “వర్షము వలన మనకు మేలు కలుగును” అని రాసి, పలక నా చేతికి ఇచ్చింది. ఆ ఇంటివారి కుప్ప అప్పటికి మూడు రోజులుగా నీళ్లలో నానుతోంది.

అక్షరదోషం ఒక్కటీ లేదు. కాని ఆ వాక్యం ఆ పాపది కాదు. తాను కళ్లారా చూసినదానికి పూర్తిగా విరుద్ధమైన మాటను, గోడమీద ఉంది గనుక, రాసి ఇచ్చింది. తప్పు పాపది కాదు. ఆ చార్టులు కొనడానికి బడి డబ్బు ఇచ్చినవాణ్ణి నేనే. అవి అందంగా ఉన్నాయని మెచ్చుకొన్నవాణ్ణీ నేనే. ఆ రోజునుండి ఈ విషయమై చదివినది, మంచి ఉపాధ్యాయుల వద్ద చూసి నేర్చుకొన్నది మీతో పంచుకొంటాను.

1. మాట ముందా, వస్తువు ముందా?

పునీత అగస్తీనువారు సుమారు 389వ సంవత్సరంలో ‘ఉపాధ్యాయుడు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న గ్రంథం రాశారు. అది ఆయనకూ, ఆయన కుమారునికీ మధ్య జరిగిన సంభాషణ. మాటలు మాత్రమే మనకు దేనినైనా నేర్పగలవా అన్నది అందులోని ప్రశ్న. ఆయన వాదన సారాంశం ఇది: ఒక వస్తువు మనకు ఇంతకుముందే తెలిసి ఉంటేనే, దాని పేరు విన్నప్పుడు మనకు అర్థమవుతుంది. వస్తువు తెలియనివానికి పేరు వట్టి శబ్దం. తాను పసితనంలో మాటలు ఎలా నేర్చుకొన్నదీ ఆయన ‘ఒప్పుకోలు’ గ్రంథంలో వివరించారు. పెద్దలు ఒక వస్తువువైపు చూపుతూ, ఒక శబ్దం పలకడం గమనించి, ఆ రెంటినీ కలుపుకొన్నానని చెప్పారు. ఆ పుటల దగ్గరలోనే, బడిలో దెబ్బలకు భయపడుతూ చదివిన చదువును గురించి కూడా బాధతో రాశారు.

దీనిని మన తరగతి గదికి అన్వయించి చూడండి. ఆరేండ్ల బిడ్డకు ‘ఋతువు’ అనే మాట వట్టి శబ్దం. ‘శిశిరము’ కూడా అంతే. కాని పొద్దున్నే నోటినుండి వచ్చే పొగలాంటి ఊపిరి, ఆకులు రాలిన చెట్టు, చలిమంట – ఇవి ఆ బిడ్డకు తెలుసు. తెలిసినదానినుండి మాటకు, మాటనుండి అక్షరానికి తీసుకొని వెళ్లడమే ఉపాధ్యాయుని పని. మనం చాలాచోట్ల దీనిని తలక్రిందులు చేస్తున్నాం. అక్షరం, గుణింతం, ఒత్తు, పదం, వాక్యం – ఇవన్నీ అయ్యాక, ఎప్పుడో అయిదో తరగతిలో “ఇక నీ సొంతంగా రాయి” అంటున్నాం. అప్పటికి ఆ బిడ్డ చెయ్యి చూసి రాయడానికే అలవాటు పడిపోయి ఉంటుంది.

2. ఇది కొత్త సంగతి కాదు

మొరావియాలో పుట్టిన కొమేనియస్ అనే విద్యావేత్త పిల్లలకోసం బొమ్మలతో కూడిన పాఠ్యపుస్తకం తయారుచేశాడు. అది 1658లో న్యూరెంబర్గులో అచ్చయింది. బొమ్మలోని ఒక్కొక్క వస్తువుకూ అంకె వేసి, ఆ అంకె పక్కనే దాని పేరు, దానిని గురించిన వాక్యం ఇచ్చాడు. మన గోడ చార్టులకు అది తాతవంటిది.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్‌వార్నర్ అనే ఉపాధ్యాయిని 1963లో తన అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించింది.  ప్రతి బిడ్డనూ దగ్గరకు పిలిచి “ఈ రోజు నీకు ఏ మాట కావాలి?” అని అడిగేది. ఆ బిడ్డ చెప్పిన మాటను అట్టముక్కమీద రాసి ఇచ్చేది. మరునాడు ఆ బిడ్డ దానిని గుర్తుపట్టలేకపోతే, అది ఆ బిడ్డకు ముఖ్యమైన మాట కాదని దానిని తీసివేసేది. భయం, ప్రేమ, ఇల్లు, అమ్మ – ఇటువంటి వాటికి చెందిన మాటలను పిల్లలు ఒక్కసారి చూసి నేర్చుకొన్నారట.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో 1980లలో మొదలై 1990లలో ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మన పెద్ద ఉపాధ్యాయులకు గుర్తే. దానికి ఆరు సూత్రాలు ఉండేవి. పరిసరాలను ఉపయోగించుకోవడం వాటిలో ఒకటి. పిల్లలు చేసిన పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచడం మరొకటి. గమనించండి – కొన్న చార్టులను ప్రదర్శించమని కాదు, పిల్లలు చేసిన పనులను ప్రదర్శించమని! పథకం ముగిసింది. గోడలు ఉన్నాయి. కాని గోడలమీదికి పిల్లల పనులకు బదులు అంగడి చార్టులు వచ్చి చేరాయి.

2021 జూలై 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026–27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డా అర్థం చేసుకొని చదవాలి, రాయాలి, లెక్కలు చేయాలి అని లక్ష్యం పెట్టుకొంది. రాయడమంటే చూసి రాయడం కాదు గదా! కాబట్టి మన పని ఒకటో తరగతినుండే మొదలుకావాలి.

3. గోడకు అయిదు నియమాలు

మొదటి నియమం: బిడ్డ కంటికి అందాలి. మన చార్టులు పెద్దవారి కంటి ఎత్తులో, కొన్నిచోట్ల తలుపు పైకమ్మీకి పైన ఉంటాయి. అవి తనిఖీకి వచ్చేవారికోసం పెట్టినవి. ఒకటో తరగతి బిడ్డ నిలబడితే కళ్లు ఎక్కడికి వస్తాయో చూసి, గోడమీద సుద్దతో గీత గీయండి. రాతపనికి కావలసినది ఆ గీతకు అటూ ఇటూ ఒక జానెడు దూరంలో ఉండాలి.

రెండవ నియమం: ముందు వస్తువు, తరువాత మాట. బొమ్మకంటె అసలు వస్తువు మేలు. వరికంకి దొరికే ఊరిలో వరికంకి బొమ్మ ఎందుకు? దారంతో కట్టి వేలాడదీయండి. పిల్లలు ముట్టుకోవాలి, వాసన చూడాలి. దాని కింద పేరు.

మూడవ నియమం: మాటలు ఇవ్వండి, వాక్యాలు ఇవ్వకండి. ఇదే అన్నిటికంటె ముఖ్యం. గోడమీద పూర్తి వాక్యం ఉంటే బిడ్డ దానిని ఎక్కించుకొంటుంది. మాటలు ఉంటే వాక్యం తాను కట్టుకోవాలి. ఒక చాటనో, అట్టపెట్టెనో ‘మాటల బుట్ట’గా గోడకు తగిలించండి. అట్టముక్కలమీద మూడు రంగులలో మాటలు రాయండి: పేర్లు ఒక రంగు (వాన, మబ్బు, గొడుగు), పనులు ఒక రంగు (కురిసింది, తడిసింది, జారాను), ఎలా ఉందో చెప్పే మాటలు ఒక రంగు (చల్లగా, నల్లగా, జోరుగా). ఒక్కొక్క బుట్ట నుండి ఒక్కొక్కటి తీసుకొంటే వాక్యం తయారవుతుంది. ఇంకా చేతకాని పిల్లలకు సగం వాక్యం ఇవ్వవచ్చు: “నేను ______ చూశాను.” “______ చల్లగా ఉంది.” ఖాళీలో వచ్చేది మాత్రం బిడ్డ సొంతం కావాలి.

నాలుగవ నియమం: పిల్లలందరి రాత గోడమీదికి రావాలి. మంచి చేతిరాత ఉన్న నలుగురివే పెడితే, మిగిలిన ముప్పయి మందికి ఆ గోడ రోజూ “నీకు చేతకాదు” అని చెబుతూ ఉంటుంది. తరగతి గదికి అడ్డంగా పురికొసను కట్టి, బట్టల క్లిప్పులతో ప్రతి బిడ్డకూ ఒక చోటు కేటాయించండి. క్లిప్పుమీద బిడ్డ పేరు ఉండాలి. కాగితం మారుతుంది, చోటు మారదు.

అయిదవ నియమం: కాలం మారితే గోడ మారాలి. జూన్‌లో పెట్టిన చార్టు ఏప్రిల్‌లో కూడా ఉంటే అది సున్నంతో సమానం. దానిని ఎవరూ చూడరు. నెలకు ఒకసారి, పిల్లలచేతనే పాతది తీయించి కొత్తది పెట్టించండి. తీసినవాటిని పారవేయవద్దు. దారంతో కుట్టి పుస్తకం చేయండి.

4. బడి సంవత్సరంలో ఋతువుల గోడ

ఆరు ఋతువుల పేర్లు తరువాత నేర్చుకొంటారు. పిల్లలకు తెలిసినవి మూడు కాలాలు, పండుగలు, పొలం పనులు. వాటినే పట్టుకొని సాగిపోదాం.

జూన్, జూలై: బడి తెరిచేసరికి తొలకరి వస్తుంది. మొదటి వానలకు నేలమీద ఎర్రటి మఖమలు గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు కనబడతాయి. వాటిని చంపకుండా, చూసి రమ్మనండి. ఒకటో తరగతివారు బొమ్మ గీసి ‘ఎర్ర పురుగు’ అని రాస్తే చాలు. రెండో తరగతివారు “అది ఎక్కడ కనబడింది? ముట్టుకొంటే ఏమి చేసింది?” అనే రెండు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఈ నెలలోనే ‘వాన’, ‘మాను’, ‘పాము’ అనే మూడు మాటలు బొమ్మలతో పక్కపక్కన పెట్టండి. వ, మ, ప – ఈ మూడక్షరాల దగ్గర చిన్నపిల్లలు తడబడడం మీరు చూసే ఉంటారు. రోజూ కంటిముందు ఉంటే, తేడా దానంతట అదే పట్టుబడుతుంది.

ఆగస్టు, సెప్టెంబరు: ఆకుల కాలం. వేప, రావి, మర్రి, మామిడి, జామ, తులసి ఆకులు తెచ్చి పాత పుస్తకాల మధ్య వారం రోజులు ఆరబెట్టి అట్టమీద అతికించండి. జిల్లేడు, ఉమ్మెత్త మాత్రం వద్దు. జిల్లేడు పాలు కంటికి ప్రమాదం, ఉమ్మెత్త విషం. పిల్లలు ఒక్కొక్క ఆకునూ వర్ణించాలి: పొడుగా, గుండ్రమా, గరుకా, నునుపా? రెండో తరగతివారు ‘పొడుపు మాట’ రాయవచ్చు. ఆకు పేరు చెప్పకుండా దానిని గురించి మూడు గుర్తులు రాసి గోడమీద పెట్టాలి. మిగిలినవారు చదివి ఏ ఆకో కనిపెట్టాలి. తమ రాతను మరొకరు చదువుతారని తెలిసినప్పుడు పిల్లలు ఎంత జాగ్రత్తగా రాస్తారో చూడండి!

అక్టోబరు: పూల కాలం. తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి, చామంతి ఇంటింటికీ వస్తాయి. ఈ నెల పని జాబితా రాయడం. “మా వీధిలో నేను చూసిన పూలు” అని ఒకదాని కింద ఒకటి, రంగుతో సహా. జాబితా రాయడం తేలిక, క్రియాపదం అవసరం లేదు గనుక వెనుకబడిన పిల్లలు కూడా ధైర్యంగా రాస్తారు. ‘బంతి’లోని సున్న, ‘చామంతి’లోని సున్న, ‘తంగేడు’లోని సున్న – మూడూ గోడమీద పక్కపక్కన ఉంటే వేరే డిక్టేషన్ అవసరం ఉండదు.

నవంబరు, డిసెంబరు: కోతల కాలం, చలికాలం. నారుమడి, నాట్లు, కలుపుతీత, కోత, కుప్ప, నూర్పిడి – ఈ ఆరు పనులకు ఆరు బొమ్మలు పిల్లలచేత గీయించి, కలిపివేసి, వరుసలో పెట్టమనండి. ‘ముందుగా’, ‘తరువాత’, ‘ఆ పిమ్మట’, ‘చివరకు’ అనే నాలుగు మాటలను వాటి మధ్య తగిలించండి. మూడో తరగతివారు ఈ నాలుగు మాటలతో ఒక పేరా రాయగలరు. ఊళ్లో వరి లేకపోతే పత్తి, మిరప, చేపల వల – మీ ఊరివారు ఏ పని చేస్తే ఆ పని.

డిసెంబరులో క్రీస్తు జయంతికి మన బడులలో పశువుల పాక కడతాం. 1223లో పునీత ఫ్రాన్సిస్ అస్సీసివారు గ్రెచ్చో అనే కొండ ఊరిలో గడ్డి, గాడిద, ఎద్దులతో ఆ దృశ్యాన్ని ఏర్పాటు చేశారు. బెత్లెహేములో జరిగినది ప్రజలు తమ కళ్లతో చూడాలన్నదే ఆయన కోరిక. చూసినప్పుడే అర్థమవుతుందనే మాట విద్యకూ వర్తిస్తుంది. పాక కట్టేటప్పుడు పిల్లలను దూరంగా నిలబెట్టకండి. ఏమేమి కావాలో వారే జాబితా రాయాలి, ఎలా కట్టామో వారే రాయాలి. ఆహ్వాన పత్రిక కూడా తల్లిదండ్రులకు వారే రాయాలి. అన్ని మతాల పిల్లలూ మన తరగతుల్లో ఉన్నారు. “మా ఇంట్లో పండుగ” అన్నప్పుడు ఎవరి పండుగ వారు రాయనివ్వండి. ఒక బిడ్డ రంజాను గురించీ, మరొక బిడ్డ సంక్రాంతి గురించీ రాస్తే ఆ గోడ తరగతిలోని పిల్లలందరిదీ అవుతుంది.

జనవరి: సంక్రాంతి ముగ్గులు. చుక్కల ముగ్గును అట్టమీద వేసి గోడకు పెట్టి, “ఈ ముగ్గు ఎలా వేయాలో రాయి” అని అడగండి. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, ఏ చుక్కనుండి ఏ చుక్కకు? ఒకరు రాసినదానిని మరొకరు చదివి నేలమీద వేయాలి. ముగ్గు తప్పితే ఎక్కడ మాట సరిగా పడలేదో ఇద్దరూ కూర్చొని చూస్తారు. దిద్దుబాటు ఉపాధ్యాయుని ఎర్ర సిరాతో కాక, పని ద్వారానే జరుగుతుంది.

ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు: మామిడి పూత. బడిలోనో పక్కనో ఉన్న ఒక మామిడికొమ్మను ఎన్నుకొని దారం కట్టండి. ప్రతి శుక్రవారం పిల్లలు చూసి, తేదీ వేసి, గోడమీద ఉన్న పొడుగాటి కాగితంలో ఒక వాక్యం రాయాలి. పూత, పిందె, కాయ, రాలిన పిందెలు – ఒంటిపూట బడులు ముగిసేసరికి ఆ కాగితం ఒక చరిత్ర అవుతుంది. మంచు పట్టి పూత రాలిపోతే అదీ రాయాలి. ఉగాది పచ్చడి చేసినరోజు ఆరు రుచులకు ఆరు మాటలు. తినకుండా ‘వగరు’ అనే మాటను ఎవరు నేర్పగలరు?

5. కొన్ని హెచ్చరికలు

గోడను నింపడమే పని అనుకోవద్దు. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు ఆరు పాఠాలు చెప్పించి చూశారు. కొన్ని పాఠాలు గోడలనిండా అలంకరణ ఉన్న గదిలో, కొన్ని ఖాళీ గోడలున్న గదిలో. అలంకరించిన గదిలో పిల్లలు సమయంలో 38.6 శాతం పరధ్యానంగా గడిపారు. ఖాళీ గదిలో అది 28.4 శాతమే. పరీక్షలో సరియైన జవాబులు అలంకరించిన గదిలో 42 శాతం, ఖాళీ గదిలో 55 శాతం. ఇరవైనలుగురు పిల్లలతో చేసిన చిన్న పరిశోధన అది. గోడలమీద అసలేమీ ఉండకూడదని దాని అర్థం కాదు. కాని పాఠంతో సంబంధం లేని బొమ్మలు, తోరణాలు, కార్టూన్లు బిడ్డ చూపును లాక్కొంటాయని గుర్తించాలి. నల్లబల్ల ఉన్న గోడను ఖాళీగా ఉంచండి. పక్క గోడను మాత్రమే వాడండి. ఈ నెల పాఠానికి పనికిరానిదానిని తీసివేయండి.

భాష విషయంలో కూడా ఒక మాట. బిడ్డ “వానొచ్చింది” అని రాస్తే “వర్షము కురిసినది” అని దిద్దకండి. “వాన పడ్డది” అని రాసినా దిద్దకండి. అది వారి ఇంటి తెలుగు. ఇంటి మాటను బడి గోడమీద చూసిన బిడ్డకు బడి పరాయిది కాదు. అక్షరదోషం సంగతి వేరు. బిడ్డ రాసిన కాగితాన్ని గీతలతో పాడుచేయకుండా, దాని కింద అదే వాక్యాన్ని ఉపాధ్యాయుడు చక్కగా రాసి పెట్టాలి. బిడ్డ రెంటినీ పోల్చి చూసుకొంటుంది. వాక్యం ఆ బిడ్డదిగానే ఉంటుంది, ఒత్తు సరియైన చోటికి వస్తుంది.

“ఫాదర్, వీటన్నిటికీ డబ్బు ఎక్కడిది?” అని అడుగుతారు. పాత కాలెండర్ల వెనుక భాగం, సిమెంటు సంచుల కాగితం, మైదా ఉడికించిన జిగురు, చీపురు పుల్లలు, పురికొస – వీటికి ఖర్చు ఏముంది? జిగురులో కొంచెం వేపనూనె కలిపితే పురుగు పట్టదని పాత ఉపాధ్యాయులు చెబుతారు. గోడ చెమ్మగిల్లితే గోనెపట్టా వేలాడదీసి దానికి గుచ్చండి. “సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి?” అని కూడా అడుగుతారు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. చూసి రాయడానికి ఇప్పుడు మనం ఇస్తున్న సమయంలోనుండి ఆ పదిహేను నిమిషాలు తీసుకోండి.

6. తల్లిదండ్రులకు

మీకు చదువు వచ్చినా రాకపోయినా ఈ పని చేయగలరు. సాయంత్రం బిడ్డ వచ్చాక “ఎన్ని మార్కులు?” అని అడిగేముందు, “దారిలో ఏమి చూశావు?” అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. నోటితో చెప్పగలిగినదే చేతితో రాయగలుగుతుంది. పొలంనుండి ఒక కంకో, కాయో, రాలిన ఈకో బిడ్డచేతికి ఇచ్చి బడికి పంపండి. ఇంట్లో తలుపు పక్కన ఒక అట్ట తగిలించి, బిడ్డ రాసిన కాగితం వారానికి ఒకటి పెట్టండి. అక్షరాలు వంకరగా ఉన్నా సరే, ఇంటికి వచ్చినవారికి చూపించండి.

7. ముగింపు

మొదట చెప్పిన పాప సంగతి పూర్తిచేస్తాను. ఆ రోజు పలక తిరిగి ఇచ్చి, “గోడమీద ఉన్నది కాదమ్మా, మీ ఇంట్లో ఏమి జరిగిందో చెప్పు” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. వారి టీచరుగారు పక్కన కూర్చొని మెల్లగా అడిగితే చెప్పింది. టీచరుగారు ఆ మాటలను విడివిడిగా నల్లబల్లమీద రాశారు – కుప్ప, తడిసింది, మొలకలు, అమ్మ, నిద్ర. పాప వాటిని చూసి తన వాక్యాలు రాసుకొంది: “మా కుప్ప తడిసింది. వడ్లకు మొలకలు వచ్చాయి. అమ్మ నిద్రపోలేదు.” ఒక ఒత్తు తప్పింది. మరునాడు ఆ పాప మొలకెత్తిన వరికంకిని ఒక కాగితంలో చుట్టి తెచ్చింది. టీచరుగారు ‘వర్షము’ చార్టును విప్పి, ఆ చోట ఆ కంకిని వేలాడదీసి, దాని పక్కన పాప కాగితాన్ని పెట్టారు. ఆ వారంలో మిగిలిన పిల్లలు కూడా తమ తమ ఇళ్ల సంగతులు రాశారు. వారి తల్లిదండ్రులు కొందరు బడికి వచ్చి ఆ గోడ ముందు నిలబడి చదువుకొన్నారు. చదువు రానివారికి వారి పిల్లలే చదివి వినిపించారు.

నష్టం తీరలేదు. కాని తనకు జరిగినదానిని తన మాటలతో చెప్పగలనని ఆ పాపకు తెలిసింది. రేపు పెద్దయ్యాక పంట నష్టానికి అర్జీ రాసుకోవాలన్నా, అన్యాయం జరిగితే ఫిర్యాదు రాయాలన్నా, దూరాన ఉన్నవారికి ఉత్తరం రాయాలన్నా కావలసింది ఈ శక్తే. దానిని ఏడేండ్ల వయసులోనే ఇవ్వడం మన చేతుల్లో ఉంది.

ఆలోచనకు, చర్చకు

1. మీ బడిలో ఒకటో తరగతి గోడమీద ఉన్నవాటిలో పిల్లలు తయారుచేసినవి ఎన్ని, కొన్నవి ఎన్ని? ఈ వారం లెక్కించండి.

2. ఆ గోడమీద ఉన్న మాటల్లో మీ ఊరి పిల్లలు ఇంట్లో వాడే మాటలు ఎన్ని ఉన్నాయి?

3. గడచిన నెలలో ఒక్కసారైనా గోడమీదికి తన రాత రాని బిడ్డ ఎవరు? ఆ బిడ్డకు ఈ వారం ఏ మాట ఇవ్వబోతున్నారు?

4. ఇప్పుడు మీ ఊరిలో ఏ కాలం నడుస్తోంది? రేపు ఉదయం మీ తరగతిలోకి ఏ వస్తువును తీసుకొని వెళ్తారు?